మా కొండ ముంబయిలో ఉందట

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని చెప్పి తప్పించుకుంటాను. పాడేరులో నేను అద్దెకుంటున్న ఇంటావిడకి ఆ ముక్క సరిపోయింది. మా అక్కకి సరిపోలేదు. అక్క కొండ మీద ఆశా కార్యకర్త. కడుపుతో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, ఎందుకు తినలేదు అని ఆరా తీసే మనిషి. నన్నూ అలాగే కూర్చోబెట్టింది.

"డబ్బులు లెక్కెడతావేటే?"

"డబ్బులు కాదక్కా, కంప్యూటర్లని. క్రిప్టో అని ఒక రకం డబ్బుంది. దానికి బ్యాంకు ఉండదు. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్లు పెట్టుకుంటారు, అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ లెక్క చూసుకుంటాయి. అలాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయో, ఏ దేశంలో ఎన్ని ఉన్నాయో చెప్పడం నా పని."

"దేశాలన్నిట్లో ఉన్నయ్యి పాడేరులో కూకుని ఎలగ లెక్కెడతావే?"

"అడుగుతాను."

"ఎవర్ని?"

"వాటినే."

అక్క పకపకా నవ్వింది. కానీ పని నిజంగా అంతే. ఆ కంప్యూటర్లని మేం నోడ్లు అంటాం. ఒక నోడ్‌ని పలకరించి నీకు తెలిసినవాళ్ళెవరని అడిగితే కొన్ని చిరునామాలు ఇస్తుంది. ఆ చిరునామాలకి వెళ్ళి మళ్ళీ అడగాలి. సంతలో దూరపు చుట్టాన్ని వెతుక్కున్నట్టే ఉంటుంది. ఇచ్చిన చిరునామాల్లో చాలామటుకు ఎప్పుడో ఆగిపోయిన కంప్యూటర్లవి. బతికున్నవాటిలోనూ ఎన్నింటికో తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది. అవి బయటికొచ్చి మాట్లాడగలవు కానీ మనం వెళ్ళి తడితే పలకవు. ఇక ఏ నోడ్ ఏ ఊళ్ళో ఉందన్నది దాని ఇంటర్నెట్ చిరునామాని బట్టి ఊహించడమే. ఇంటర్నెట్ కంపెనీ ఆ చిరునామాని ఏ ఊరి పేరు మీద నమోదు చేసుకుంటే మాకు అది ఆ ఊరు. అందుకని నేను చెప్పేదాన్ని లెక్క అనకూడదు, అంచనా అనాలి. ఆ మాట ప్రతి రిపోర్టులోనూ మొదటి పేజీలో రాస్తాను. ఎవరూ చదవరు. అంకె దగ్గరికి దూకుతారు. నాకు ఒళ్ళు మండుతుంది.

అక్కని ఇచ్చిన ఊరు సీలేరు వైపు కొండల్లో ఉంది. జీపు వాగు దగ్గర ఆగిపోతుంది, అక్కడినుంచి నడకే. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆ కొండ మీది చర్చిలో ఆరాధనకి వెళ్ళి వెళ్ళి, అక్కడి కాఫీ రైతు కొడుకుని అల్లుడిగా చేసుకున్నాడు. ఊళ్ళో సిగ్నల్ లేదు. చుట్టూ ఉన్న మిగతా ఆరు పల్లెల్లోనూ లేదు. ఫోన్ పలకాలంటే ఊరి వెనక మెట్ట పైదాకా ఎక్కాలి. అందువల్ల ఎవరికైనా నొప్పులు మొదలయ్యాయంటే అక్క ముందు చేసే పని వాళ్ళ దగ్గర కూర్చోవడం కాదు, మెట్ట ఎక్కడం. కింద మనిషి మెలికలు తిరుగుతూ ఉంటే, చెయ్యి పట్టుకోవలసిన మనిషి పైన నిలబడి జీపువాడికి "హలో, హలో" అని అరుస్తూ ఉంటుంది. ఒకసారి తను దిగొచ్చేసరికి బిడ్డ పుట్టేసి ఏడుస్తోందని నవ్వుతూ చెప్పింది. ఇంకోసారి ఏం జరిగిందో చెప్పలేదు. 

అలాంటి ఊరికి డిష్ వచ్చింది.

ఒక చిన్న క్రిప్టో నాణేన్ని నడిపే సంస్థ ఉండేది. నేను పనిచేసే కంపెనీకి దానితో సంబంధం లేదు. ఆ నాణెం నోడ్లన్నీ కొన్ని మహానగరాల్లో, అద్దెకిచ్చే కంప్యూటర్ల గోడౌన్లలో పోగుపడి ఉన్నాయి. ప్రపంచమంతా విస్తరించామని చెప్పుకునేవాళ్ళకి అది నామోషీ. మారుమూల ప్రాంతాల్లో నోడ్లు పెట్టించి మ్యాపు మీద చూపించుకోవాలన్న ఆలోచన వచ్చింది వాళ్ళకి. వాళ్ళు వెతికిన మారుమూలల్లో మా అక్క ఊరొకటి. చర్చి కప్పు మీద ఉపగ్రహంతో పనిచేసే డిష్ పెట్టారు. అక్కడినుంచి ఏడు పల్లెలకీ ఇంటర్నెట్ అందేలా స్తంభాలు పాతి వాటి మీద యాంటెన్నాలు బిగించారు. పల్లెకి రెండు చొప్పున, అరచేతిలో పట్టేంత నోడ్ పెట్టెలు ఇచ్చారు. అన్నీ ఉచితం. షరతు ఒక్కటే. ఎండాకాలం వచ్చేలోపు వాళ్ళు మ్యాపు తీస్తారు. కొండ మీద పల్లెపల్లెకీ చుక్కలు కనిపిస్తే డిష్ శాశ్వతంగా ఉంటుంది. కనిపించకపోతే విప్పుకుని ఇంకో చోటికి తీసుకుపోతారు.

విశాఖపట్నం నుంచి వచ్చిన సంస్థ అమ్మాయి ఇదంతా చర్చిలో నిలబడి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. మంచి పిల్ల. అక్కడ నాణెం ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళకి కావలసింది ఇంటర్నెట్, అందులోనూ ముఖ్యంగా మా అక్క ఫోన్.

ఆ చలికాలమంతా అక్క ఫోన్ పలికింది. వరండాలో స్టూల్ మీద కూర్చుని నాకు వీడియో కాల్ చేసేది. ఒక మధ్యాహ్నం మాట్లాడుతూ మాట్లాడుతూ "ఉండవే, బేగి జీపుకి సెప్పాల" అని పెట్టేసి, సాయంత్రం మళ్ళీ చేసింది. పక్క పల్లెలో కాన్పు. నీళ్ళు మరిగిస్తూనే జీపుకి ఫోన్ చేసిందట, వాగు దాకా మనిషిని మోసుకొచ్చేసరికి జీపు సిద్ధంగా ఉందట, ఆస్పత్రిలో ఆడపిల్ల. "నాను ఆ పిల్ల పక్కనే ఉన్నానే. సెయ్యి వొదల్నేదు" అంది. ఎన్ని కాన్పులు చూసిన మనిషో, మొదటి కాన్పు చూసినదానిలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఉద్యోగానికి సంబంధించిన వస్తువు ఒకటి నా వాళ్ళకి పనికొచ్చిందని నాకు గర్వంగా కూడా అనిపించింది.

క్రిస్మస్‌కి కొండెక్కాను. చర్చిలోకి వెళ్ళగానే ఎడమవైపు గోడ పక్కన బల్ల, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద వరసగా నోడ్ పెట్టెలు. పద్నాలుగూ అక్కడే ఉన్నాయి. ఏ పల్లెదో తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంది. అన్నీ పచ్చదీపాలతో మెరుస్తున్నాయి. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే వాళ్ళు తియ్యబోయే మ్యాపు గుర్తొచ్చింది.

సంఘ పెద్ద పక్కనే నిలబడి నా ముఖం చూస్తున్నాడు. ముసలాయన, ఏడు పల్లెల్లోనూ మాట చెల్లే మనిషి. చర్చిని ఆయన ఎప్పుడూ గుడి అనే అంటాడు.

"ఏటమ్మా అలగ సూత్తన్నావు? ఒక్కటీ ఆరిపోనేదు. శనివారం శనివారం ఆడోల్లు తుడుత్తన్నారు."

"ఇవి ఇళ్ళల్లో ఉండాలి కదా తాతా?"

"కొత్తయ్యి గదమ్మా" అన్నాడు, ఇంకేం చెప్పాలన్నట్టు.

నిజంగానే ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ కొండల్లో కొత్త పంట ఏదైనా ఊరంతా కలిసి కొత్త పండగ చేసుకున్నాకే ఇళ్ళల్లో నోట పెడతారు. క్రైస్తవులైనవాళ్ళు కూడా దాన్ని వదల్లేదు. కొత్త సామలు, చిక్కుళ్ళు, గుమ్మడికాయలు ముందు చర్చిలో బల్ల మీద పెట్టి ప్రార్థన చేస్తారు. అలా పెట్టినదాన్ని ఇక ఎవరూ తిరిగి ఇంటికి తీసుకెళ్ళరు. ఇచ్చేసినట్టే. నోడ్ పెట్టెలు సరిగ్గా ఆ పండగ రోజుల్లో వచ్చాయి. ఇంత మేలు చేసే వస్తువుల్ని దేవుడికి చూపించకుండా ఇంట్లో ఎలా పెట్టుకుంటారు? పల్లె పల్లె నుంచీ తెచ్చి బల్ల మీద పెట్టారు. పెట్టాక తీసుకెళ్ళడమన్న మాటే లేదు.

"ఇల్లల్లో ఎలకలుంతాయి" అన్నాడు ఆయన, నన్ను సముదాయిస్తున్నట్టు. "ఇక్కడ కరెంటుంది, కాపలా ఉంది. అన్నిటికీ మించి ఆయనున్నాడు."

లాప్‌టాప్ తీసి చర్చి ఇంటర్నెట్‌కి కలిపి, బయటి ప్రపంచానికి మేం ఎలా కనబడుతున్నామో చూశాను. పద్నాలుగు పెట్టెలకీ బయట ఒకటే చిరునామా, డిష్‌ది. ఆ డిష్ మాటల్ని ఉపగ్రహం ముంబయి దగ్గర నేలకి దింపుతుంది కాబట్టి, ఆ చిరునామా ఊరు ముంబయి. మ్యాపు మీద మా కొండల్లో ఏమీ లేదు. ముంబయిలో ఒక చుక్క ఉంది.

అక్కకి చెబితే చర్చి అదిరిపోయేలా నవ్వింది. "మా కొండ ముంబయిలో ఉందేటి? ఓలమ్మో, నాను ముంబయి కోడల్ని!" అని ఆడవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. నా ముఖం చూశాక నవ్వాపేసింది.

అక్కడినుంచే సంస్థ అమ్మాయికి ఫోన్ చేశాను.

"అయ్యో, అన్నీ ఒకే చోట ఉన్నాయా మేడమ్? అలా ఉంటే సిస్టమ్ ఫేక్ అనుకుంటుంది. ఒక్క మనిషే పద్నాలుగు మందిలా యాక్ట్ చేస్తున్నాడని. వెంటనే స్ప్రెడ్ చేయించండి."

ఆ అనుమానం సబబే. ఇలాంటి నెట్‌వర్కుల్లో ఒకడే వందమంది వేషం వేయడం రోజూ జరిగేదే, వాళ్ళని ఏరి పారెయ్యడం మా పనిలో భాగం. నేను లెక్క చూసినా ఆ పద్నాలుగింటినీ ఒకటిగానే రాసేదాన్ని. ఆ మాటే ఆ అమ్మాయికి చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాను. పెట్టెలు పల్లెలకి పంచినా స్తంభాల మీదుగా అన్నీ మళ్ళీ ఈ డిష్‌కే వస్తాయి. చిరునామా మారదు, చుక్కా మారదు. ఇంత తెలిసినవాళ్ళు ఆ షరతు ఎలా పెట్టారని గట్టిగానే అడిగాను.

"నాకంత టెక్నికల్ తెలీదు మేడమ్. పై టీమ్ అయితే స్ప్రెడ్ చేయమనే చెప్పింది."

పెద్దాయనకి సగమే చెప్పాను. "పెట్టెలు ఇళ్ళకి పంపమంటున్నారు తాతా. దానివల్ల ఏమైనా మారుతుందని నాకు నమ్మకం లేదు."

"నమ్మకం సంగతి మాకొదిలేయమ్మా" అన్నాడు నవ్వి. తర్వాత బల్ల వైపు తిరిగాడు. "అయితే ఇయ్యి తియ్యాలన్నమాట."

ఆయన జీవితంలో బల్ల మీద పెట్టినది తిరిగి తీసుకోవడం అదే మొదటిసారి. క్రిస్మస్ మర్నాడు అందర్నీ పిలిచి మోకరించి ప్రార్థన చేశాడు. ఇచ్చినదాన్ని తీసుకుంటున్నాం, ఆడపిల్లల ప్రాణాల కోసం తీసుకుంటున్నాం, తప్పు రాయవద్దు అని పెద్దగొంతుతో వేడుకున్నాడు. ఒకరిద్దరు ఆడవాళ్ళు వద్దన్నారు. అక్క తల వంచుకుని నిలబడింది. తన ఫోన్ కోసమే ఇదంతా అని ఆమెకి తెలుసు. ఒక్కో పల్లెవాళ్ళూ వచ్చి తమ పెట్టెల్ని తువ్వాళ్ళలో చుట్టుకుని తీసుకెళ్ళారు. ఖాళీ బల్ల మీది తెల్లగుడ్డని పెద్దాయనే మడతపెట్టాడు.

పాడేరు వచ్చాక నా చేతనైనదంతా చేశాను. చేశానని చెప్పుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాలేదు. ఆ నెట్‌వర్క్‌ని నేనే సొంతంగా లెక్కకట్టి చూశాను. దేశదేశాల నోడ్లూ పలికాయి. మా పల్లెల పెట్టెల్ని బయటినుంచి తడితే ఒక్కటీ పలకలేదు. అవి తలుపు లోపలినుంచి తెరుచుకునే రకం. సరే, అవే బయటికొచ్చి మాట్లాడినప్పుడు పట్టుకుందామని నా సొంత నోడ్లు కొన్ని కాపు పెట్టాను. మా పెట్టెలు రానే వచ్చాయి. పద్నాలుగు గొంతులూ ముంబయిలోని ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. ఆ గొంతుల మధ్య ఒక కొండా, ఒక వాగూ, ఏడు పల్లెలూ ఉన్నాయని నాకు తెలుసు కానీ, చూపించే దారి లేదు.

అక్క ప్రతి పెట్టె పక్కనా ఆ ఇంటివాళ్ళని నిలబెట్టి ఫొటోలు, వీడియోలు తీసి పంపింది. వాటితో సంస్థ పైవాళ్ళకి పెద్ద ఉత్తరం రాశాను. బతిమాలుతూ రాశాను, నా అలవాటుకి విరుద్ధంగా. జవాబు మర్యాదగా వచ్చింది. ఫొటోలు ఎక్కడైనా తీయవచ్చు, ఎవరి మాటా నమ్మనవసరం లేకుండా నడవడమే తమ నెట్‌వర్క్ గొప్పదనం, కాబట్టి ఎవరి మాటా తీసుకోలేమని దాని సారాంశం. అది చదివి ల్యాప్‌టాప్ మూసేసి వీధిలోకి వెళ్ళి, బస్టాండు దాకా నడిచి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చాను. వాళ్ళు రాసిన దాంట్లో తప్పు పట్టడానికి నాకొక్క వాక్యం కూడా దొరకలేదు. అందుకే అంత కోపం వచ్చిందనుకుంటాను.

ఈస్టర్ అయ్యాక ఇద్దరు మనుషులొచ్చి డిష్ విప్పుకుపోయారు. మంచివాళ్ళే, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, పోతూ పోతూ పెట్టెలు మీరే ఉంచుకోండన్నారు. స్తంభాలు అలాగే ఉన్నాయి, వాటి మీద పక్షులు వాలుతున్నాయని అక్క మెట్ట ఎక్కి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో ఆయాసం. ఎక్కి వచ్చినప్పుడల్లా ముందు ఆ ఆయాసం వినబడుతుంది నాకు, తర్వాతే మాట.

వానల్లో పెద్దాయన కోడలికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు, రోజులింకా నిండలేదు. పొద్దున పది దాటిందట, ముసురు. అక్క మెట్ట ఎక్కింది. మేఘం కమ్మేసి సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. జీపువాడికి ఊరి పేరు వినబడేసరికే చాలాసేపు పట్టింది. దిగివచ్చేసరికి పరిస్థితి చేయి దాటింది. డోలీ కట్టి వాగు దాకా మోశారు, వాగు పొంగుతోంది, జీపు అవతలి ఒడ్డున ఆగింది. బిడ్డ ఇవతలి ఒడ్డున, వానలో పుట్టాడు. ఏడవలేదు. తల్లి బతికింది.

ఆ ఆదివారం నేను వెళ్ళాను. ఆరాధన అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు, పెద్దాయన చర్చి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ప్రార్థన ఆయన చెప్పలేదట. సంఘ పెద్దగా ఇంకెవరినైనా చూసుకోమన్నాడట. అక్క నా చెవిలో ఆ మాట చెప్పి దూరంగా నిలబడింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను.  ఆయనే అడిగాడు.

"అమ్మా, నీకు ఆ లెక్కలన్నీ తెల్సు గదా. నిజం సెప్పు. మేం పెట్టెలు బల్ల మీంచి తీసి ఇల్లకి అట్టికెల్లినాక ఆ సుక్క మారిందేటి?"

మారిందని చెప్పాలనిపించింది. కొంచెం మారింది తాతా, సరిపోలేదంతే, అని. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆయన నా కళ్ళలోకే చూస్తున్నాడు.

"మారలేదు తాతా."

"ఒక్క పిసరు కూడా?"

"లేదు. పెట్టెలు గుళ్ళో ఉన్నా, ఇళ్ళల్లో ఉన్నా అక్కడ ఒకటే. ఎలా చేసినా వాళ్ళకి మనం కనబడేవాళ్ళం కాదు. మీ తప్పు ఏమీ లేదు."

ఆ ఆఖరి మాటతో ఆయనకి ఊరట కలుగుతుందనుకున్నాను. ఆయన దాన్ని విన్నట్టే లేదు. మారలేదన్న మాట దగ్గరే ఆగిపోయాడు. తలుపులోంచి లోపలి ఖాళీ బల్ల కనిపిస్తోంది. దానివైపు చూసి, నాకు చెబుతున్నట్టుగా కాకుండా, మెల్లగా అన్నాడు.

"అయితే ఇచ్చింది ఊరికే తీసేసుకున్నాము."